ఖాతాదారులకు ఈమెయిళ్లు పంపుటలో కంపెనీలు చేయు పొరపాట్లు

(సంఘ మందిరమున వర్తక సభ్యుల సమక్షమున చేసిన ప్రసంగము)



వర్తక సభ్యులకు ఉపయోగపడు విషయమొకదానిని గూర్చి ఈ సాయంకాలము ప్రసంగింపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ఏ విషయమని విచారింపగా, సభ్యులలో అనేకులు ఇటీవల తమ సరకును గూర్చి ఖాతాదారులకు ఈమెయిళ్లు పంపుచున్నారనియు, ఆ పనిని పిల్లలకో, నెలజీతమునకు కుదిరిన కుఱ్ఱవానికో విడిచిపెట్టి, పోయిన లేఖలో ఏమున్నదో తాము చదువుటయే లేదనియు తెలియవచ్చినది. షోలాపురమున దుప్పట్లు, తువాళ్లు నేయించు మనవారును, బరంపురమున పట్టుబట్టలమ్ము మనవారును, బళ్లారిలో జీన్సు కుట్టించువారును, కోయంబత్తూరున మోటారు పంపులు చేయువారును నేడు ఈ పద్ధతినే అవలంబించుచున్నారు. కావున పెద్ద కంపెనీలు ఈ పనిలో చేయు పొరపాట్లను, వానితోపాటు మనము చేయుచున్నవానిని కూడ చెప్పుటకు పూనుకొంటిమి.

పూర్వము మన అంగళ్లలో పండుగకు నెలదినములు ముందుగా గుమాస్తా కార్డులు వ్రాయుచుండెడివాడు. క్రొత్త సరకు దిగినది, తమరు దయచేయవలెనని రెండు పంక్తులే. కాని ఆ కార్డు ఎవరికి పోవుచున్నదో వానికి తెలియును. ఎవరింట పెండ్లి యున్నదో, ఎవరింట అశుభము జరిగినదో తెలియును. ఏడాది తిరుగనిదే అట్టి యింటికి పండుగ కార్డు పోదు. కార్డునకు కాసు ఖర్చగును గనుక ఊరక వ్రాయుటయు లేదు. ఈమెయిలునకు ఆ కాసు లేదు. వందమందికి పంపినను, లక్షమందికి పంపినను పంపువానికి ఇంచుమించు ఒకటే. మేము చెప్పబోవు పొరపాట్లలో పెక్కు ఈ చవుకతనమునుండి పుట్టినవే.

ఈ వ్యవహారము ఆరంభమైన నాడే పొరపాటుతో ఆరంభమైనది. 1978వ సంవత్సరము మే 3వ తేదీన అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అను కంపెనీ ఉద్యోగియైన గ్యారీ థ్యూర్క్ తమ క్రొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని, ఆర్పానెట్ అనబడు నాటి వ్యవస్థలోని సుమారు 400 మందికి ఒకే లేఖ పంపిరి. చిరునామాల గడిలో 320 మాత్రమే పట్టినవి. మిగిలిన చిరునామాలు లేఖలోనికే పొరలి, చదువువారికి కంప్యూటరు వార్తకంటె ముందుగా పేర్ల పట్టిక దర్శనమిచ్చినది. ప్రభుత్వ వ్యవస్థను వ్యాపారమునకు వాడుటయేమని ఫిర్యాదులు వచ్చినవి. అయినను దానివలన కోటికి పైబడిన డాలర్ల అమ్మకములు జరిగినవని ఆయన తరువాత చెప్పుకొనిరి. చిక్కంతయు ఇక్కడనే యున్నది. అడుగకుండ పంపిన లేఖవలన ఒకప్పుడు లాభము కూడ కలుగును. లాభము లెక్కకు వచ్చును. విసుగుచెందినవాడు లెక్కకు రాడు.

మొదటి పొరపాటు అనుమతికి సంబంధించినది. బిల్లు ఇచ్చునప్పుడు చిరునామా అడిగి తీసికొందుము. బిల్లు పంపుటకని ఖాతాదారు చెప్పును. మరుసటి వారమునుండి ఆ చిరునామాకు తగ్గింపు ధరల వార్తలు పోవును. బిల్లునకు ఇచ్చిన చిరునామా బిల్లునకే. దానిని మన ఆస్తిగా భావింపరాదు. ఇక, వేల చిరునామాలు గల పట్టికను బజారున కొని తెచ్చుట దీనికంటె హీనమైన పని. అందులోని వారు మన పేరే వినలేదు.

వలదన్నవారిని మరల అడుగుటయు తప్పే. ఇంగ్లండులో ఫ్లైబీ అను విమాన కంపెనీ 2016లో, తమ ప్రచారము వలదని ముందే తెలిపిన 33 లక్షలమందికి, మీ వివరములు సరిగానున్నవా యను శీర్షికతో ఈమెయిళ్లు పంపినది. క్రొత్త చట్టము రాబోవుచున్నదని, దానికి సిద్ధపడు నెపముతో పంపినది. 2017లో అక్కడి సమాచార కమిషనరు కార్యాలయమువారు 70,000 పౌన్ల జరిమానా విధించిరి. వలదనుట ఒక సమాధానమే. దానిని సమాధానము లేకపోవుటగా లెక్కించుట తగదు.

మన దేశమున 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితమైనవి. ఆ ప్రకటన ప్రకారము ముఖ్యమైన బాధ్యతలకు పదునెనిమిది నెలల గడువు ఈయబడినది. ఈ చట్టములో మన సంఘీయులు గుర్తుంచుకొనదగిన మాటలు రెండున్నవి. సమ్మతి ఇచ్చుట ఎంత సులభమో, దానిని ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెననునది ఒకటి. సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషునగాని, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషనగాని చదువుకొను అవకాశము కల్పింపవలెననునది రెండవది. ఆ షెడ్యూలులోని 22 భాషలలో తెలుగు కలదు. నివసించు రాష్ట్రమేదని చట్టము ఇక్కడ అడుగుట లేదు. షోలాపురమున నున్న తెలుగువాడును, హోసూరున నున్న తెలుగువాడును ఆ పత్రమును తెలుగున కోరవచ్చును.

ఉపసంహరణమను మాట వచ్చినది గనుక మా యింటి సంగతి యొకటి చెప్పుదుము. మా పెదనాన్నగారు కాలము చేసి నాలుగు సంవత్సరములైనది. వారు జీవించియుండగా ఒక కంపెనీవద్ద ఇంటికి తెప్పించుకొని కళ్లజోడు కొనిరి. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరము. కరెంటు బిల్లు వారి ఈమెయిలుకే వచ్చును గనుక ఆ ఫోనును పెద్దమ్మగారు వాడుచున్నారు. ప్రతి సంవత్సరము పెదనాన్నగారి పుట్టినరోజున తెల్లవారగనే ఫోను గణగణమనును. "ఈ ప్రత్యేక దినమున మీకు ఇరువది శాతము తగ్గింపు" అని శుభాకాంక్షలు వచ్చును.

మొదటి యేడు దీనిని ఆపుటకు మేము పూనుకొంటిమి. లేఖ అడుగున, కంటికానని బూడిదరంగు అక్షరములలో అన్‌సబ్‌స్క్రైబ్ అను మాట దొరికినది. నొక్కగా ఖాతాలోనికి ప్రవేశింపుమన్నది. రహస్యపదము మాకెవరికిని తెలియదు. క్రొత్తది కావలెనన్నచో వారి సెల్ ఫోనునకు అంకెలు పంపెదమన్నది. ఆ నంబరును అప్పటికే తీసివేయించితిమి. లేఖకే జవాబు వ్రాసితిమి. ఈ చిరునామాకు వచ్చినవి ఎవరును చదువరని తిరుగుటపా వచ్చినది. ఖాతాదారుల సేవా విభాగమునకు విషయము విన్నవించితిమి. ఖాతా గలవారు స్వయముగా కోరినగాని చేయలేమని వినయముగా సమాధానమిచ్చిరి. తుదకు ఆ లేఖను స్పామ్ అని నొక్కి ఊరకుంటిమి. పెద్దమ్మగారు మాత్రము, "పోనీలేరా, వాళ్లకయినా ఆయన పుట్టినరోజు గుర్తుందిగా" అనిరి. దానికి మావద్ద జవాబు లేకపోయినది.

ఆ కంపెనీవారు దుర్మార్గులని మేము చెప్పుటలేదు. లోనికి వచ్చు ద్వారమును మాత్రమే కట్టి, బయటికి పోవు ద్వారమును కట్టుట మరచిరి. ఇప్పుడు చెప్పిన చట్టములో, మరణానంతరము తన హక్కులను వినియోగించుటకు ఒకరిని నామినీగా నియమించుకొను అవకాశము కల్పింపబడినది. మన పెద్దలు బ్యాంకు ఖాతాలకు నామినీని వ్రాయునట్లు దీనికిని వ్రాయు రోజులు వచ్చుచున్నవి.

మేము తుదకు చేసిన పని, అనగా స్పామ్ అని నొక్కుట, పంపువానికి ఎంతటి నష్టమో వర్తకులు ఎరుగవలెను. పోవుటకు దారి కానరానివాడు చేయునది అదియే. 2024 ఫిబ్రవరినుండి గూగుల్, యాహూ కంపెనీలు పెద్దయెత్తున ఈమెయిళ్లు పంపువారికి నియమములు విధించినవి. జీమెయిల్ చిరునామాలకు దినమునకు 5,000కు మించి పంపువారు ఒక్క నొక్కుతో తప్పుకొను మీట పెట్టవలెను. తప్పుకొన్నవారి పేరును రెండు దినములలో తీసివేయవలెను. స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతమును చేరకూడదు. అనగా వేయిమందిలో ముగ్గురు! ఆ ముగ్గురు అలిగినచో, మిగిలిన తొమ్మిదివందల తొంబది యేడుగురికి పంపిన లేఖలు కూడ చెత్తబుట్టలో పడుట ఆరంభమగును. ఒకే చిరునామానుండి పంపినచో ప్రచారముతోపాటు మన బిల్లులు, బాకీ జ్ఞాపికలు కూడ అందులోనే పడును. సరకు పంపితిమి, డబ్బు రాలేదేమని మనము ఎదురుచూచుచుందుము. బిల్లు వారికి కనబడియే యుండదు.

మన చిన్న వర్తకులు చేయు పొరపాటు మరియొకటి కలదు. దుకాణము పేర ఉచిత జీమెయిల్ చిరునామా తీసికొని, దానినే పంపువాని గడిలో పెట్టి, వేరొక సేవద్వారా వేలకొలది లేఖలు తోయుదురు. అట్టివానిని దొంగసంతకము గలవిగా జీమెయిల్ భావించును. సొంత డొమైను పేరు కొని, ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డి.ఎం.ఎ.ఆర్.సి. అను మూడు గుర్తులను దానికి ఏర్పరచుకొనవలెను. వీనిని లక్కముద్రలవంటివని తలపుడు. ఏర్పాటుచేయు కుఱ్ఱవానిని ఈ మూడు పేర్లు చెప్పి అడిగినచో చాలును.

ఇక పేర్ల సంగతి. ఇది మన సంఘీయులకు నిత్యానుభవము. ఈమెయిళ్లు పంపు యంత్రములు మనుష్యునికి మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులున్నవనుకొని చేయబడినవి. మొదటి గడిలో నున్నదానికి ముందు ప్రియమైన అని చేర్చును. ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు వచ్చును. కావున బండివారిని ప్రియమైన బండి అనియు, గుర్రంవారిని ప్రియమైన గుర్రం అనియు సంబోధించును. తమిళనాట స్థిరపడిన మనవారిలో అనేకులు ఇంటిపేరు విడిచి, తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రము ముందుంచుకొందురు. వారు ప్రియమైన కె, ప్రియమైన ఆర్ అగుదురు. మహారాష్ట్రమున తన పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు అను వరుస. ఒకే కుటుంబమున అన్న కోయంబత్తూరునను, తమ్ముడు షోలాపురమునను స్థిరపడినచో వారి పేర్లను చూచి సోదరులని పోల్చుకొనుట యంత్రమునకు కాదుగదా, మనకే కష్టము. గడి ఖాళీగానున్నచో ప్రియమైన అని వ్రాసి, తరువాత శూన్యముగా విడిచిన లేఖలును మాకు వచ్చినవి. పిలుచుటకు పేరు నిశ్చయముగా తెలియనప్పుడు పేరు లేకుండ నమస్కారమని ఆరంభించుట మేలు. తెలిసికొనగోరినచో, మిమ్ము ఏమని పిలువవలెనని ఒక గడి పెట్టి అడుగవలెను. గారు అను మాట చేర్చుటకు ఖర్చులేదు. ఇంగ్లీషునుండి యంత్రముచేత అనువదించిన లేఖలలో, త్వరపడు, ఇప్పుడే కొను అని ఎనుబది యేండ్ల వృద్ధులను ఏకవచనమున గద్దించుట చూచితిమి. ఇంగ్లీషున ఆ భేదము లేదు. మనకు కలదు.

భాష విషయమున కంపెనీలు చేయు తప్పు పేర్ల తప్పుకంటె లోతైనది. అవి పిన్‌కోడును చూచి భాషను నిర్ణయించును. హోసూరు పిన్‌కోడు గలవారికి తమిళము, బళ్లారి వారికి కన్నడము, బరంపురము వారికి ఒడియా. ఆ భాషలు మనకు పరాయివి కావు. అందులోనే చదువుకొంటిమి, అందులోనే బేరములాడుచున్నాము. కాని మన యిండ్లలో మాటలాడు భాష ఉన్నదని ఆ పట్టికకు తెలియదు. ఏ కంపెనీ లెక్కలలో చూచినను ఆ జిల్లాలలో తెలుగువారు లేనట్లే. అడుగనందువలన లేనట్లు కనిపింతుము. లేనట్లు కనిపించుటవలన అడుగరు.

దీనికి ఎదురు తప్పును మనవారే చేయుచున్నారు. సంఘీయులైన వర్తకులొకరు అభిమానముతో తమ ఖాతాదారులందరికి తెలుగు లిపిలో లేఖలు పంపిరి. ఇంటిపేర్లను చూచి ఏరి పంపిరి. మంచి తెలుగే. కాని మన యిండ్లలో తెలుగు మాటలాడుచు, తమిళమో కన్నడమో తప్ప చదువలేని పిల్లలును, పెద్దలును ఎందరున్నారో మనమందరము ఎరుగుదుము. ఆ లేఖను చదువలేక, చదువలేమని చెప్పుటకు సిగ్గుపడి మూసివేసినవారు మాకు తెలియును. పిన్‌కోడును చూచి ఊహించుట ఎట్టిదో, ఇంటిపేరు చూచి ఊహించుటయు అట్టిదే. ఏ భాషలో వ్రాయవలెనో ఖాతాదారునే అడుగవలెను. ఈ పని పెద్ద కంపెనీలు చేయుటకు ముందు మనము చేయగలము. మన పట్టికలు చిన్నవి.

తెలుగు లిపిలో పంపువారికి సాంకేతికమైన జాగ్రత్తలు కొన్ని కలవు. అచ్చుపనికి వాడు పాత ఫాంట్లలో కొట్టించిన పాఠమును తెచ్చి ఈమెయిలులో అతికినచో, అవతల ఆ ఫాంటు లేనివారికి పిచ్చి రోమను అక్షరములు కనిపించును. యూనికోడులోనే వ్రాయించవలెను. కొందరు ఈ బాధ పడలేక కరపత్రమంతయు ఒక బొమ్మగా పంపుదురు. బొమ్మలు చూపని ఏర్పాటు గలవారికి అది తెల్లకాగితము. కంటిచూపు లేనివారికి చదివి వినిపించు యంత్రమునకు అందులో ఏమియు లేదు. మరియొకటి: యూనికోడు పాఠమును నిలువచేయు వాడుక పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగున ప్రతి అక్షరమునకును, గుడిదీర్ఘము, కొమ్ము మొదలగు ప్రతి గుర్తునకును మూడు బైట్లు కావలెను. 102 కిలోబైట్లు దాటిన లేఖను జీమెయిల్ మధ్యలో కత్తిరించును. మన లేఖ త్వరగా బరువెక్కును. తప్పుకొను మీట సాధారణముగ అడుగుననుండును గనుక, మొదట తెగిపోవునది అదియే. పొడుగు తగ్గించుడు, లేదా ఆ మీటను పైననే పెట్టుడు.

సమయము తెలియక పంపుట ఇంకొక దోషము. 2013లో అమెరికాలోని బోస్టను మారథాన్ పరుగు ముగింపు రేఖవద్ద బాంబులు పేలి ముగ్గురు మరణించిరి. 2017లో అడిడాస్ కంపెనీ ఆ పరుగు పూర్తిచేసినవారికి, బోస్టను మారథాన్‌నుండి ప్రాణములతో బయటపడినందుకు అభినందనలని అర్థము వచ్చు శీర్షికతో ఈమెయిలు పంపినది. ఇంగ్లీషున ఆ మాట కష్టమైన పని ముగించితిరని మెచ్చుకొనుటకు వాడుదురు. ఆ ఊరిలో మాత్రము వాడరాదు. కంపెనీ క్షమాపణ చెప్పినది. అదే యేడు అమెజాన్ కంపెనీ, పుట్టబోవు శిశువునకు బహుమతి వచ్చుచున్నదని, శిశువును ఎదురుచూడనివారికి కూడ పొరపాటున వార్తలు పంపినది. సంతానము లేక, లేదా పోగొట్టుకొని దుఃఖించుచున్న యింట ఆ వార్త ఎట్లుండునో మేము వేరుగ చెప్పనక్కరలేదు. మన గుమాస్తా ఇట్టివి వ్రాయడు.

మోసపు శీర్షికలను గూర్చి ఒక్క మాట చాలును. మీరేదో అడిగినట్లు, దానికి జవాబైనట్లు ముందు రీ అని చేర్చుట, వారమునకొకసారి నేడే ఆఖరిదినమనుట అబద్ధములు. అంగటి గుమ్మమున నిలిచి చెప్పలేని మాటను ఈమెయిలున కూడ వ్రాయవలదు. తెరచి చూచినవారు ఇంతమందియని యంత్రము చూపు లెక్కను గూడ మిక్కిలి నమ్మవలదు. 2021నుండి యాపిల్ ఫోన్లలోని మెయిలు ఏర్పాటు, చదువువారు తెరవకున్నను తెరచినట్లు కనిపించునట్లు చేయుచున్నది.

ఇక మా తప్పు చెప్పుకొనవలెను. చిరునామాలు ఒకరివి ఒకరికి కనబడునట్లు పంపుట ఎంత ప్రమాదమో లండనులోని ఒక వైద్యశాల అనుభవమువలన లోకమునకు తెలిసినది. 2015లో ఎయిడ్స్ వ్యాధి క్రిములకు సంబంధించిన చికిత్స పొందువారికి సమాచార లేఖ పంపుచు, బీసీసీ అను మరుగు గడికి బదులు పై గడిలో చిరునామాలు పెట్టిరి. 781 మంది చిరునామాలు అందరికి కనబడినవి. మరుసటి సంవత్సరము 1,80,000 పౌన్ల జరిమానా పడినది. జరిమానా కట్టినంతమాత్రమున బయటపడిన రహస్యము తిరిగి లోపలికి పోదు. ఇది తెలిసియు, గడచిన సర్వసభ్య సమావేశమునకు ఆహ్వానము పంపునప్పుడు మేము కూడ అందరి చిరునామాలను పై గడిలోనే పెట్టితిమి. పదిదినములలో సభ్యులకు ఇండ్లస్థలముల ప్రకటనలు రాసాగినవి. ఎవరు తీసికొనిరో విచారించుట మానితిమి, ఇచ్చినది మేమే గనుక.

కావున ఉన్న పట్టికను ఈ నెలాఖరున తుడిచివేయుటకు కార్యవర్గము తీర్మానించినది. గుమ్మమువద్ద బల్లపై చీటీలున్నవి. తెలుగు, తమిళము, కన్నడము, మరాఠీ, ఒడియా, ఇంగ్లీషు భాషలలో అచ్చొత్తించితిమి. అందులో మూడు ప్రశ్నలే యున్నవి: మిమ్ము ఏమని పిలువవలెను, ఏ భాషలో వ్రాయవలెను, అసలు వ్రాయవలెనా వలదా. మూడవదానికి వలదని వ్రాసినవారికి ఈ వారపత్రిక యథాప్రకారము టపాలో వచ్చును. ఇంట కాలము చేసినవారి పేర ఏవైన లేఖలు పోవుచున్నచో, చీటీ వెనుక ఆ పేరు వ్రాసి ఈయవలసినదని కోరుచున్నాము. ఋజువు పత్రములు అక్కరలేదు.